కంటి ముందు నల్ల చుక్కలు, మచ్చలు కనిపిస్తే: ఇంట్లో ఏం చూసుకోవాలి, ఎంత తొందరగా వెళ్ళాలి, డాక్టరుకు ఏం చెప్పాలి

నేను రెటీనా ఓపీలో ఆప్టోమెట్రిస్ట్‌గా, అంటే కంటి చూపు పరీక్షలు చేసే పనిలో ఉన్నాను. రెటీనా అంటే కంటి లోపల వెనక గోడకు అంటుకుని, వెలుగును పట్టే పలచటి పొర. "కళ్ళ ముందు ఈగ తిరుగుతున్నట్టుంది", "ఎటు చూస్తే అటు వెంట్రుక వస్తోంది", "చదువుతుంటే అక్షరాల మధ్యలో మరక పడుతోంది" అనే మాటలు రోజూ వింటాను. ఆ వెంటనే వచ్చే ప్రశ్న కూడా ఒకటే: "ఏ చుక్కల మందు వేసుకోవాలి?"

మందు సంగతి తర్వాత. చూపులో కనిపించే మచ్చకు కారణం చాలాసార్లు కంటి లోపలే ఉంటుంది, పైన వేసే చుక్క అక్కడి దాకా పోయి దాన్ని తుడిచెయ్యలేదు. ముందు తెలియాల్సింది ఆ మచ్చ ఏ కంట్లో ఉంది, కదులుతోందా, ఎప్పటి నుంచి ఉంది అన్నవి. ఇవి తెలిస్తే ఈ రాత్రికే బయల్దేరాలా, వచ్చే వారం వెళ్ళినా పర్వాలేదా అన్నది తేలిపోతుంది. కింద చెప్పిన వరసలోనే చేయండి.

## 1. వీటిలో ఒక్కటి ఉన్నా ముందు బయల్దేరండి

ఈరోజే రెటీనా డాక్టరు ఉన్న కంటి ఆస్పత్రికి వెళ్ళాల్సినవి:

- నిన్నో ఇవాళో ఒక్కసారిగా చుక్కలు మొదలయ్యాయి, లేదా పాత చుక్కలే ఉన్నట్టుండి గుంపుగా పెరిగాయి
- చీకట్లో కంటి పక్కన మెరుపు మెరిసినట్టు వెలుగు కనిపిస్తోంది
- ఒక పక్క నుంచి నల్లటి తెర దిగుతున్నట్టో, నీడ పాకుతున్నట్టో ఉంది
- చుక్కలతో పాటు చూపు తగ్గింది, పొగ కమ్మినట్టుంది
- కంటికి బంతి, షటిల్ కాక్, టపాసు, కర్రలాంటిది తగిలాక చుక్కలు వచ్చాయి
- కన్ను ఎర్రబడి, నొప్పి పెడుతూ, వెలుతురు చూడలేకపోతూ చుక్కలు కనిపిస్తున్నాయి
- ఈమధ్యే కంటి ఆపరేషన్ జరిగింది లేదా కంట్లోకి ఇంజెక్షన్ ఇచ్చారు, ఆ తర్వాత నొప్పి, మసక, చుక్కలు వచ్చాయి

కంటి ఆస్పత్రికి కాకుండా 108కి ఫోన్ చేసి, పక్షవాతానికి వైద్యం చేసే పెద్దాస్పత్రికి వెళ్ళాల్సినవి:

- నొప్పి లేకుండా ఒక కంటి చూపు ఒక్కసారిగా పోయింది. కొన్ని నిమిషాల్లో తిరిగి వచ్చినా సరే
- చూపుతో పాటు మాట తడబడుతోంది, మూతి వంకర పోయింది, చెయ్యో కాలో పట్టు తప్పింది
- నిండు గర్భిణికి, లేదా అయిదో నెల దాటిన గర్భిణికి, తలనొప్పితో పాటు కళ్ళ ముందు చుక్కలు, మెరుపులు వస్తున్నాయి. ఇది బీపీ పెరిగి గుర్రపువాతానికి (ఫిట్స్‌కు) దారితీసే లక్షణం, ప్రసవమైన తొలి వారాల్లో కూడా రావచ్చు. ప్రసవాలు చేసే పెద్దాస్పత్రికే వెళ్ళాలి

రెటీనాకు రక్తం తెచ్చే నాళం మూసుకుపోతే చూపు దక్కించుకునేందుకు ఉండే సమయం గంటల్లోనే. "తిరిగి వచ్చిందిగా, రేపు చూద్దాం" అనుకోవద్దు. వచ్చిపోయిన చీకటి రాబోయే పక్షవాతానికి ముందస్తు హెచ్చరిక కావచ్చు.

## 2. మచ్చ కంటి మీద ఉందా, చూపులో ఉందా?

పగటి వెలుతురులో అద్దం ముందు నిలబడండి. ఎదుటివాళ్ళకు కూడా కనిపించే మచ్చ అయితే అది కంటి మీదిది. మీకు మాత్రమే కనిపిస్తే చూపులోది.

కంటి మీది మచ్చల గురించి క్లుప్తంగా చెప్పి ముందుకు వెళ్తాను. మన ఒంటి రంగున్నవాళ్ళకు తెల్లగుడ్డు మీద గోధుమరంగు మరకలు ఉండటం మామూలే. ఏళ్ళ తరబడి అలాగే ఉంటే సాధారణంగా భయం లేదు. కొత్తగా వచ్చినా, పెరుగుతున్నా, ఉబ్బెత్తుగా ఉన్నా, రంగు మారినా చూపించుకోవాలి. తెల్లగుడ్డు మీద నొప్పి లేకుండా ఎర్రగా రక్తం కమ్మితే, చూపు బాగుంటే, ఎక్కువసార్లు రెండు వారాల్లో అదే పోతుంది. బీపీ మాత్రం చూపించుకోండి. వెల్డింగ్, గ్రైండింగ్ పనిలో నలుసు పడి నల్లగుడ్డు మీద చిన్న చుక్కలా కనిపిస్తుంటే సూదితోనో గుడ్డతోనో తీయొద్దు, తీయించవద్దు.

పిల్లల విషయంలో ఒక్క మాట. ఫోటోలో కనుపాప తెల్లగా మెరుస్తున్నా, మెల్లకన్ను కొత్తగా వచ్చినా ఆలస్యం చేయవద్దు. కంటి క్యాన్సర్ మొదట అలాగే బయటపడొచ్చు.

## 3. ఒక కన్ను మూసి చూసుకోండి

మొత్తం వ్యాసంలో ఒక్క పనే చేస్తానంటే ఈ పని చేయమంటాను. రెండు కళ్ళూ తెరిచి ఉన్నంతసేపు ఒక కంటి లోపాన్ని రెండోది కప్పేస్తుంది. ఒక కన్ను సగం చీకటైపోయినా పేపరు చదువుకుంటూ, టీవీ చూసుకుంటూ వారాలు గడిపినవాళ్ళు మా దగ్గరికి వస్తుంటారు. ఏదో నలక పడి ఒక కన్ను నలుపుకుంటే అప్పుడు రెండో కంటి సంగతి బయటపడుతుంది.

ఒక పెద్దావిడ చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తుంది. చేటలో బియ్యం ఏరుతుంటే వెంట్రుక కనిపించిందట. తీయబోతే పక్కకు జరిగింది. మళ్ళీ తీయబోతే మళ్ళీ జరిగింది. చేట మార్చింది, వెంట్రుక ఆ చేటలోకీ వచ్చింది. వేడి చేసిందని నాలుగు రోజులు చన్నీళ్ళతో కళ్ళు కడుక్కుని నందివర్ధనం పూలు పెట్టుకుంది. అయిదో రోజు చెవివైపు నుంచి నీడ మొదలైంది. మా దగ్గరికి వచ్చేసరికి ఆ నీడ చూపు నడిమధ్య దాకా వచ్చేసింది. ఆపరేషన్‌తో రెటీనా అతుక్కుంది గానీ ఆ కంటితో ఇప్పుడు బియ్యం ఏరలేదు. నాలుగు రోజుల ముందే ఒక కన్ను మూసి చూసుకుని వచ్చి ఉంటే చిన్న లేజర్‌తో సరిపోయే అవకాశం ఉండేది.

ఎలా చూసుకోవాలి:

1. దూరపు అద్దాలుంటే పెట్టుకోండి. తెల్లటి గోడకు ఎదురుగా కూర్చోండి.
2. అరచేతిని దోసిలిలా వంచి ఎడమ కన్ను కప్పండి. గుడ్డును నొక్కొద్దు. నొక్కితే ఆ కంట్లో కాసేపు మసక, లేని చుక్కలు వస్తాయి, పరీక్ష చెడిపోతుంది.
3. కుడి కంటితో గోడ మీద స్విచ్చునో, మేకునో ఒక్కదాన్నే చూడండి. మచ్చ ఎక్కడుంది? మధ్యలోనా, పక్కనా, పైనా, కిందా?
4. కన్ను గబుక్కున పక్కకు తిప్పి మళ్ళీ స్విచ్చు మీదికి తెండి, ఆపండి. మచ్చ కన్ను ఆగాక కూడా ఈదుతూ మెల్లగా దిగుతోందా, లేక ఒక్కచోటే అంటుకుని ఉందా?
5. చూపు స్విచ్చు మీదే ఉంచి, రెండో చేతి వేళ్ళు ఆడిస్తూ పైనుంచి, కిందినుంచి, రెండు పక్కల నుంచి లోపలికి తీసుకురండి. ఎటువైపైనా వేళ్ళు కనిపించకుండా పోతున్నాయా?
6. ఇప్పుడు కుడి కన్ను కప్పి, ఎడమ కంటితో అన్నీ మళ్ళీ చేయండి.

వేళ్ళ పరీక్షలో చెవివైపు, మీ చూపుకు కాస్త పక్కన, ఒక చిన్న చోట వేలు మాయమైనట్టు అనిపించొచ్చు. అది దేవుడిచ్చిన ఖాళీ, కంటి నరం బయటికి వెళ్ళే చోటు అందరికీ అలాగే ఉంటుంది. దానికి భయపడవద్దు. ఒక వైపు మొత్తం చీకటిగా ఉంటే మాత్రం పైన 1వ భాగంలో చెప్పినట్టు బయల్దేరండి.

## 4. మచ్చ తీరును బట్టి కారణం

### ఈదే చుక్కలు, దారాలు, ఉంగరాలు

కనుగుడ్డు లోపల తాటిముంజలాంటి జెల్లీ ఉంటుంది. పేరు విట్రియస్. చిన్న వయసులో అది చిక్కగా, తేటగా ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ నీరవుతుంది, అందులోని సన్నటి పీచు అక్కడక్కడా ముద్దకడుతుంది. వెలుతురు పడినప్పుడు ఆ పీచు నీడ వెనకనున్న రెటీనా మీద పడుతుంది. మీరు చూసే ఈగ ఆ నీడే. అందుకే తెల్లగోడ, ఆకాశం, ఫోన్ తెర మీద బాగా కనిపిస్తుంది, చీకట్లో కనిపించదు.

యాభై, అరవై దాటాక ఈ జెల్లీ వెనకనున్న రెటీనాను వదిలి ముందుకు జరుగుతుంది. దూరపు చూపుకు పెద్ద మైనస్ అద్దాలున్నవాళ్ళకు, శుక్లం ఆపరేషన్ అయినవాళ్ళకు, దెబ్బ తగిలినవాళ్ళకు ఇంకా ముందే జరగొచ్చు. అలా వదులుకునేటప్పుడు కొత్త చుక్కలు, ఒక్కోసారి గాజులాంటి ఉంగరం కనిపిస్తాయి. జెల్లీ రెటీనాను లాగితే మెరుపులు వస్తాయి. రెటీనాకు స్పర్శ తెలియదు, నొప్పి తెలియదు. వెలుగు ఒక్కటే తెలుసు. అందుకే లాగినా మనకు మెరుపుగానే కనిపిస్తుంది.

ఎక్కువమందికి జెల్లీ హాయిగా విడిపోతుంది, కథ అంతటితో అయిపోతుంది. అలా కొత్తగా చుక్కలు, మెరుపులతో వచ్చినవాళ్ళలో సుమారు పదిమందిలో ఒకరికి మాత్రం రెటీనా చినుగుతుంది. ఆ చినుగులోంచి నీరు దూరితే గోడకు అంటించిన కాగితం ఊడినట్టు రెటీనా ఊడుతుంది. మీరు ఆ ఒక్కరో, మిగతా తొమ్మిదిమందో ఇంట్లో తేల్చుకోవడం కుదరదు. చుక్కలు చూడటానికి రెండు చోట్లా ఒక్కలాగే ఉంటాయి. కనుపాప పెద్దది చేసి లోపల చూస్తే తప్ప తెలియదు.

ఏళ్ళ నుంచి ఒకటి రెండు చుక్కలే ఉండి, పెరగకుండా, మెరుపులు లేకుండా ఉంటే తొందర లేదు. ఒకసారి పరీక్ష చేయించుకుని నిశ్చింతగా ఉండొచ్చు.

### నల్లపొగ, సాలెగూడు, మసివాన

షుగర్ ఉన్నవాళ్ళు ఈ భాగం రెండుసార్లు చదవండి. ఏళ్ళ తరబడి షుగర్ ఉంటే రెటీనా మీద పిచ్చిమొక్కల్లా కొత్త రక్తనాళాలు పుట్టొచ్చు. అవి చాలా బలహీనమైనవి. పగిలితే జెల్లీలోకి రక్తం దిగుతుంది. "నీళ్ళలో సిరా చుక్క వేసినట్టు పాకింది" అని ఒకాయన చెప్పాడు, అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. కొందరికి పొద్దున లేచేసరికి సాలెగూడు, సాయంత్రానికి ఎర్రటి పొగ.

ఇక్కడ మోసపోయేది ఏమిటంటే, రక్తం దిగే ముందు రోజు దాకా చూపు పూర్తిగా బాగుండొచ్చు. అక్షరాల పట్టీ చివరి వరస చదివినవాళ్ళకు కూడా లోపల రెటీనా పాడై ఉండొచ్చు. శిబిరంలోనో అద్దాల షాపులోనో "చూపు బాగుంది" అన్నారంటే అద్దాల వరకే. రెటీనా పరీక్ష వేరు.

రక్తం దిగిందనిపిస్తే రెండు మూడు దిళ్ళు పెట్టుకుని తల ఎత్తుగా ఉంచి పడుకోండి, రక్తం కిందికి దిగుతుంది. బరువులు ఎత్తవద్దు. గుండెకు వాడే రక్తం పలచబరిచే మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు, డాక్టరును అడిగే చేయాలి.

### నడిమధ్య కదలని మరక, వంకరపోయే గీతలు

ఎటు చూస్తే అక్కడే మరక, ముఖం చూస్తే ముక్కూ కళ్ళూ మసక, చెవులు మాత్రం స్పష్టం. ఇది రెటీనా నడిమధ్యనుండే మాక్యులా అనే చిన్న చోటు సమస్య. సూదిలో దారం ఎక్కించడం, చదవడం, మనిషిని గుర్తుపట్టడం అన్నీ ఆ చోటి పనే.

యాభై అయిదు, అరవై దాటినవాళ్ళలో వయసుతో మాక్యులా అరగడం, షుగర్‌తో అక్కడ నీరు చేరడం, బీపీతో రెటీనా సిర మూసుకోవడం ముఖ్య కారణాలు. ముప్ఫై, నలభైల్లో ఉన్న మగవాళ్ళకు, పని టెన్షన్, నిద్రలేమి ఉన్నవాళ్ళకు మాక్యులా కింద నీటిపొక్కు రావడం తరచూ చూస్తాం. దీనికి స్టెరాయిడ్ పెద్ద తోడు. మాత్ర, ఇంజెక్షన్, ఆస్తమా పీల్చే మందు, ముక్కులో కొట్టే స్ప్రే, చర్మానికి రాసే క్రీము, ఏ రూపంలో వాడుతున్నా డాక్టరుకు చెప్పండి.

సూర్యగ్రహణాన్ని ఉత్త కళ్ళతో చూసినవాళ్ళకు, లేజర్ లైటుతో ఆడుకున్న పిల్లలకు కూడా మధ్యలో మరక పడుతుంది. కన్ను కదిపితే నొప్పి, రంగులు వెలిసినట్టు కనిపించడం ఉంటే కంటి నరం వాపు కావచ్చు. టీబీకి ఎథాంబుటాల్, కీళ్ళనొప్పులకు హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడుతున్నవాళ్ళు చూపు మారితే వెంటనే చెప్పాలి. మందు మాత్రం సొంతంగా మానవద్దు.

### మెరిసే వంకరటింకర గీత

రంపపు పళ్ళలా మెరుస్తూ చిన్నగా మొదలై, పెద్దదై, పక్కకు జరిగి 20 నిమిషాలకో అరగంటకో పోతే, ఆ తర్వాత తలనొప్పి వస్తే, ఎక్కువగా మైగ్రేన్. ఇది కంటిలో కాదు, మెదడులో పుడుతుంది. అందుకే ఏ కన్ను మూసినా కనిపిస్తూనే ఉంటుంది. మొదటిసారి వచ్చినప్పుడు, యాభై దాటాక కొత్తగా వచ్చినప్పుడు, గంట దాటినప్పుడు డాక్టరుకు చూపించాల్సిందే.

### కళ్ళు బైర్లు కమ్మడం

కూర్చుని గబుక్కున లేస్తే రెండు కళ్ళూ ఒకేసారి చీకటై, కొన్ని క్షణాల్లో సర్దుకుంటే అది రక్తహీనత, బీపీ పడిపోవడం, ఒంట్లో నీరు తగ్గడం వల్ల కావచ్చు. దీనికి ఫిజీషియన్‌ను కలవండి. తలనొప్పి కూడా ఉండి, వంగినప్పుడల్లా చూపు క్షణం పాటు పోతుంటే మాత్రం కంటి నరం వాపు చూడాలి.

నీటికాసుల జబ్బు (గ్లకోమా) గురించి కూడా అడుగుతారు. అందులో నల్లమచ్చ కనిపించదు. పక్క చూపు చప్పుడు లేకుండా తగ్గిపోతుంది. మచ్చ లేదు కాబట్టి జబ్బు లేదనుకోవద్దు. ఇంట్లో ఎవరికైనా ఉంటే నలభై నుంచే కంటి ఒత్తిడి, నరం పరీక్ష చేయించుకోండి.

## 5. గళ్ళ కాగితం పరీక్ష

మాక్యులా సంగతి ఇంట్లోనే చూసుకునే తేలికైన దారి ఇది.

1. తెల్ల కాగితం మీద 10 సెంటీమీటర్ల చదరం గీయండి. అడ్డంగా, నిలువుగా అర సెంటీమీటరుకో గీత. వరసకు 20 గళ్ళు వస్తాయి. సరిగ్గా మధ్యలో నల్ల చుక్క పెట్టండి. ఇంట్లో పిల్లల గ్రాఫు పుస్తకం ఉంటే పని ఇంకా తేలిక.
2. చత్వారం అద్దాలు పెట్టుకోండి. వాటిలో చదివే భాగం నుంచే చూడండి.
3. కాగితాన్ని జానెడున్నర దూరంలో, అంటే సుమారు 30 సెంటీమీటర్ల దూరాన పట్టుకోండి.
4. ఒక కన్ను కప్పి, మధ్య చుక్కనే చూస్తూ మిమ్మల్ని మీరే అడగండి: నాలుగు మూలలూ కనిపిస్తున్నాయా? ఏ గీతయినా వంగిందా, అలలాడుతోందా? ఎక్కడైనా గళ్ళు మాయమయ్యాయా, మసకయ్యాయా?
5. తేడా ఉన్నచోట పెన్సిల్‌తో గుర్తు పెట్టి తారీఖు వేయండి. రెండో కంటికి వేరే కాగితం.

గళ్ళు కొత్తగా వంగితే రెండు మూడు రోజుల్లో రెటీనా డాక్టరును కలవాలి. కాగితం లేనప్పుడు బాత్రూం టైల్స్, కిటికీ చువ్వలు, ద్వారబంధం అంచు చూసినా పని జరుగుతుంది.

ఈ పరీక్ష మామూలుగా వచ్చినంత మాత్రాన రెటీనా అంచుల్లో చినుగు లేదని కాదు. ఈదే చుక్కలకు, మెరుపులకు ఇది పనికిరాదు.

## 6. బయల్దేరే ముందు ఒక చీటీ రాసుకోండి

ఓపీలో డాక్టరు ఎదుట కూర్చునేసరికి టెన్షన్‌లో సగం మర్చిపోతారు. ఇవి రాసుకుంటే చాలు:

- ఏ కన్ను? ఏ రోజు, ఏ పూట మొదలైంది?
- చుక్క, దారం, పొగ, తెర, మరక, మెరుపు: వీటిలో ఏది? చూసిన ఆకారం బొమ్మగా గీయండి
- కదులుతోందా? ఏ వైపున?
- షుగర్, బీపీ ఎన్నేళ్ళ నుంచి? ఈమధ్య రిపోర్టు
- వాడుతున్న మందులన్నీ, చీటీలతో సహా. నాటు మందులు కూడా
- అద్దాల పవర్, పాత కంటి ఆపరేషన్లు, దెబ్బలు
- ఇంట్లో ఎవరికైనా రెటీనా ఊడిందా

వెంట ఉండాల్సినవి: తోడుకు ఒక మనిషి, నల్ల కళ్ళజోడు, పాత రిపోర్టులు, ఆధార్, ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే అదీ. బండి నడుపుకుంటూ వెళ్ళొద్దు. షుగర్ ఉన్నవాళ్ళు ఖాళీ కడుపుతో వెళ్ళొద్దు, పరీక్షకు రెండు మూడు గంటలు పడుతుంది.

ఎక్కడికి వెళ్ళాలన్నదే చాలామందికి సందేహం. అద్దాల షాపు వద్దు. బయల్దేరే ముందు ఫోన్ చేసి "కనుపాప పెద్దది చేసి రెటీనా చూసే డాక్టరు ఇవాళ ఉన్నారా?" అని అడగండి. హైదరాబాదులో మెహదీపట్నం దగ్గరి సరోజినీదేవి కంటి ఆస్పత్రి, విశాఖపట్నం, కర్నూలులోని ప్రాంతీయ కంటి ఆస్పత్రులు ప్రభుత్వానివి. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు పల్లెల్లో విజన్ సెంటర్లున్నాయి, మీకు దగ్గర్లో ఉంటే అక్కడి నుంచి పెద్ద ఆస్పత్రికి పంపిస్తారు. తెర దిగుతున్నట్టుంటే మాత్రం మధ్య మెట్లు వద్దు, నేరుగా పెద్ద చోటికే.

## 7. ఆస్పత్రిలో ఏం చేస్తారు, మీరేం అడగాలి

ముందు ఒక్కో కంటి చూపు, ఒత్తిడి చూస్తారు. తర్వాత కనుపాప పెద్దదవడానికి చుక్కలు వేస్తారు. కాస్త మండుతుంది. అరగంట పట్టొచ్చు. నాలుగైదు గంటలు దగ్గరివి మసకగా, ఎండ భరించలేనట్టుగా ఉంటుంది, తర్వాత సర్దుకుంటుంది. "చుక్కలు వద్దు, ఊరికే చూడండి" అని బతిమాలేవాళ్ళుంటారు. చుక్కలు వేయకుండా అంచులు చూడటమంటే తాళంచెవి రంధ్రంలోంచి గదంతా చూడాలనుకోవడమే.

డాక్టరు తలకు లైటు పెట్టుకుని, చేతిలో భూతద్దంతో పైకి, కిందికి, పక్కలకు చూడమంటారు. ఒక్కోసారి రెప్ప మీద చిన్న పనిముట్టుతో మెల్లగా నొక్కుతారు. ఆ అంచుల్లోనే చినుగులు దాక్కుంటాయి కాబట్టి ఓర్చుకోండి. రక్తం అడ్డుంటే కంటికి స్కానింగ్ చేస్తారు. మాక్యులాకు ఓసీటీ, అంటే రెటీనా పొరలను వెలుతురుతో చూపించే స్కాన్, తీస్తారు, నొప్పి ఉండదు.

లేచి వచ్చేముందు ఈ నాలుగు అడగండి:

- చినుగు గానీ, పలచబడిన చోటు గానీ ఉందా?
- రెండు కళ్ళ అంచులూ పూర్తిగా చూశారా?
- నేను మళ్ళీ ఎప్పుడు రావాలి?
- ఏ లక్షణం వస్తే ఆ తేదీ దాకా ఆగకూడదు?

## 8. ఏ కారణానికి ఏం చేస్తారు

జెల్లీ విడిపోవడం మాత్రమే అయితే ఏ వైద్యమూ అవసరం లేదు. రోజులు గడిచేకొద్దీ చుక్కలు కిందికి జారుతాయి, మెదడు వాటిని పట్టించుకోవడం మానేస్తుంది. కొన్ని వారాలు, కొన్ని నెలలు పట్టొచ్చు.

చినుగు ఉంటే దాని చుట్టూ లేజర్ వేసి కంచె కడతారు. ఓపీలోనే అయిపోతుంది. ఆ అతుకు గట్టిపడటానికి రెండు వారాలు పడుతుంది, అప్పటిదాకా బరువులు, కుదుపులు వద్దు.

రెటీనా ఊడితే ఆపరేషన్ తప్పదు. మాక్యులా ఊడకముందే చేస్తే చూపు బాగా నిలబడుతుంది, అందుకే మేం గంటలు లెక్కపెట్టుకుంటాం. కంట్లో గ్యాస్ బుడగ పెడితే, డాక్టరు చెప్పినన్ని రోజులు బోర్లా పడుకోవడం, తల వంచుకుని ఉండటం ఆపరేషన్‌లో సగం. గ్యాస్ కరిగేదాకా విమానం ఎక్కకూడదు, ఎత్తైన కొండలకు పోకూడదు. పైకి వెళ్తే బుడగ ఉబ్బి కంటి ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. గ్యాస్ రకాన్ని బట్టి ఇది రెండు నుంచి ఎనిమిది వారాలు ఉండొచ్చు. పిల్లల దగ్గరికి ఆరు నెలలకు అమెరికా బయల్దేరే అమ్మానాన్నలు, కొత్త చుక్కలుంటే టికెట్టు తేదీ చూసుకోకుండా ముందు రెటీనా చూపించుకోండి.

షుగర్ వల్ల రక్తం దిగితే లేజర్, కంట్లోకి ఇంజెక్షన్లు, రక్తం కరగకపోతే విట్రెక్టమీ, అంటే ఆ జెల్లీని తీసేసే ఆపరేషన్. మాక్యులాలో నీరుంటే ఇంజెక్షన్లు నెలల తరబడి వేయించుకోవాల్సి రావచ్చు. ఒకటి వేయించుకుని బాగుందని మానేస్తే నీరు మళ్ళీ చేరే అవకాశం ఎక్కువ. ఖర్చు భయంతో మధ్యలో మానేయకుండా ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే కలిసి, మీ కార్డు కింద ఏది వస్తుందో అడగండి.

## 9. తరచూ జరిగే తప్పులు, వాటి బదులు చేయాల్సినవి

"నొప్పి లేదు కదా, చూద్దాంలే." పైన చెప్పినట్టు రెటీనాకు నొప్పి తెలియదు. చినిగినా, ఊడినా నొప్పి రాదు. నొప్పితో కాకుండా ఎంత కొత్తగా వచ్చింది, ఎంత వేగంగా పెరిగింది అన్నదాంతో తొందర లెక్కకట్టండి.

తేనె, చనుబాలు, ఆముదం, ఉల్లిరసం కంట్లో వేయడం. లోపలి మచ్చ పోదు, పైన నల్లగుడ్డుకు చీము పట్టే ప్రమాదం ఉంది. చన్నీళ్ళతో మూసిన కళ్ళు కడుక్కోవడం హాని కాదు, దానికోసం రోజులు ఆగడమే హాని.

మెడికల్ షాపులో చుక్కల మందు అడిగి తెచ్చుకోవడం. వాటిలో స్టెరాయిడ్ ఉండి వారాలపాటు వాడితే ఒత్తిడి పెరిగి నీటికాసులు రావచ్చు, శుక్లం కూడా రావచ్చు. గత ఆపరేషన్‌లో మిగిలిన సీసా కూడా వాడొద్దు.

పొన్నగంటి కూర, క్యారెట్, కంటి వ్యాయామాలతో చుక్కలు కరుగుతాయనుకోవడం. ఆకుకూరలు తినండి, ఒంటికి మంచిది. ముద్దకట్టిన పీచును మాత్రం కూరా కరిగించదు, వ్యాయామమూ కరిగించదు.

"శుక్లం ఆపరేషన్ అయిపోయింది, ఇక కంటికేం కాదు." ఆ ఆపరేషన్ తర్వాత జెల్లీ విడిపోవడం, రెటీనా ఊడటం మరికాస్త ఎక్కువే. కొత్త చుక్కలొస్తే అదే తొందర.

చుక్కలు తగ్గాయని రెండో పరీక్షకు వెళ్ళకపోవడం. మొదటి రోజు చినుగు లేకపోయినా తర్వాతి వారాల్లో రావచ్చు. 4 నుంచి 6 వారాల్లో మళ్ళీ చూడాలని డాక్టరు అంటే, తప్పకుండా వెళ్ళి చూపించుకోండి.

## 10. పరీక్ష అయ్యాక ఇంట్లో

తెల్లటి తెర మీద చుక్కలు విసిగిస్తుంటే ఫోన్, కంప్యూటర్ వెలుతురు తగ్గించండి, నల్ల నేపథ్యం పెట్టుకోండి. బయట నల్ల కళ్ళజోడు వాడండి. చుక్క చూపుకు అడ్డొస్తే కన్ను పైకి, కిందికి తిప్పండి, జెల్లీ కదిలి అది పక్కకు పోతుంది. చుక్కల కోసమే లేజర్, ఆపరేషన్ చేయించుకోవడం అరుదైన సందర్భాలకు సరే. విట్రెక్టమీతో శుక్లం తొందరగా రావడం, రెటీనా ఊడటం లాంటి ఇబ్బందులుంటాయి కాబట్టి కొన్ని నెలలు ఓపిక పట్టమనే మేం చెబుతాం.

గోడ క్యాలెండరు మీద ఇవి రాసి పెట్టుకోండి:

- మొదటి ఆరు వారాలు రోజూ పొద్దున ఒక్కో కన్ను మూసి చూసుకోవడం: చుక్కలు పెరిగాయా, మెరుపు వచ్చిందా, పక్కన నీడ ఉందా
- ఆ తర్వాత వారానికోసారి, ఏ ఆదివారమో
- మాక్యులా సమస్య ఉన్నవాళ్ళకు గళ్ళ కాగితం, ఫ్రిజ్ తలుపు మీద అంటించి, డాక్టరు చెప్పినన్నిసార్లు
- షుగర్ ఉన్నవాళ్ళకు ఏటా ఒకసారి చుక్కలు వేసి రెటీనా పరీక్ష, చూపు ఎంత బాగున్నా. షుగర్ ఉన్న గర్భిణులకు మొదటి మూడు నెలల్లోనే
- మైనస్ 6, ఆపైన పవర్ ఉన్నవాళ్ళకు డాక్టరు చెప్పిన గడువులో అంచుల పరీక్ష
- ఒక కంటికి చినుగు వచ్చినవాళ్ళకు రెండో కన్ను కూడా అదే పూట

ఇంట్లో పెద్దవాళ్ళుంటే పక్కన కూర్చుని మీరే చేయించండి. "బాగానే కనిపిస్తోంది" అని వాళ్ళు అనేముందు ఒక కన్ను మీ అరచేత్తో కప్పి, గడియారంలో ముల్లు ఎక్కడుందో చెప్పమనండి. తర్వాత రెండో కన్ను.